మామ నడుం మీద పండిన ఒర

మా మేనమామ చనిపోయాడన్న కబురు నాకు ఒక ఫోటోగా వచ్చింది. అబూధాబీ ముసఫ్ఫాలో పొద్దున కంపెనీ బస్సు కోసం నిలబడి ఫోను తెరిస్తే మా ఊరి గ్రూపులో ఒక ఫ్లెక్సీ బొమ్మ కనిపించింది. చుట్టూ మూడు రంగుల అంచు. మధ్యలో ఖాకీ చొక్కా వేసుకున్న మామ. నడుముకి తోలు ఒర, అందులోంచి బయటికి కనిపిస్తున్న పిస్తోలు పిడి, నుదుటి దగ్గర సెల్యూట్ కొడుతున్న చెయ్యి. ఏదో జెండా పండుగ శుభాకాంక్షలనుకుని పైకి జరపబోయాను. అప్పుడు కింద అక్షరాలు చదివాను. ‘వీర జవానుకు కన్నీటి వీడ్కోలు.’

బస్సు వచ్చింది, ఎక్కాను. ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వేసింది. ఆ పిస్తోలు టేకు చెక్క. దాన్ని చెక్కింది మామే. ఆ ఫోటో ఇక్కడ మా తోలు వర్క్‌షాపు గోడకి వేలాడినన్నాళ్ళూ ఆయన ఆ గోడకి వీపు పెట్టి కూర్చునేవాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ మా బామ్మర్దికి, అంటే మామ కొడుక్కి, ఫోన్ చేశాను. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిందని, ఒంగోలు తీసుకుపోయే లోపే పోయాడని, సాయంత్రం భూస్థాపన అని చెప్పాడు. తర్వాత అడిగాను.

“ఆ ఫోటో యాడిదిరా?”

“మీ షాపోళ్ళ ఫేస్‌బుక్ పేజీలో ఉంటే దించుకున్నా బావా. ఎట్టుండాది?”

“పంచె కట్టుకుని తీయించుకున్నది ఒకటి ఉండాలే ఇంట్లో. అది పెట్టకపోయినావా?”

“దాంట్లో ఏముండాది బావా? సెంటర్లో మన పేట మనిషికి ఫ్లెక్సీ కట్టడం ఇదే మొదలు. పెద్దీధి ప్రెసిడెంటు బండి ఆపి, దిగి, దణ్ణం పెట్టి పోయినాడు. ఆ పంచె ఫోటో పెట్టుంటే దిగేవోడా?”

వాడే మళ్ళీ అడిగాడు. “నిజం తుపాకే గదా బావా అది?”

చుట్టూ పళ్ళాల చప్పుడు, మాటలు. వినపడనట్టు, “అత్తని జాగ్రత్తగా చూసుకో” అని పెట్టేశాను. మామ ఒకసారి ఇట్లాంటి ప్రశ్నకే లేచి నిలబడి జవాబు చెప్పాడు. నేను ఫోనులో కూడా చెప్పలేకపోయాను. అందుకని ఇది రాస్తున్నాను.

మామ సైన్యంలో పనిచేసిన మాట నిజమే. పింఛను వచ్చేదాకా చేశాడు. సెలవుకి వచ్చినప్పుడు ఇస్త్రీ బట్టలు, మెరిసే బూట్లు, నల్ల ట్రంకుపెట్టె. ఊరంతా ఆయన్ని ‘మిలట్రాయన’ అనేది. సైన్యంలో ఏం పని అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వాళ్ళ నాన్న ఊళ్ళో రైతులకి చెప్పులు, బొక్కెన తోళ్ళు కుట్టి పెట్టేవాడు. ఆ పని తప్పించుకుందామనే మామ భర్తీకి పోయాడు. అక్కడ నీకేం పని వచ్చునని అడిగారట. భయపడి ఉన్నమాట చెప్పాడు. బూట్లు, బెల్టులు, ఒరలు రిపేరు చేసే విభాగంలో వేసి చేతికి ఆరె ఇచ్చారు. తోలుకి బెజ్జం పొడిచే ఆరె లేకుండా మా ఇళ్ళల్లో ఎవరి బతుకూ సాగలేదు.

“పారిపోయి పోయి దాని ఒళ్ళోనే పడ్డానల్లుడూ” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ మాట అన్నాక కాసేపు తల ఎత్తేవాడు కాదు.

రిటైరయ్యాక దుబాయ్ వచ్చాడు. మావాళ్ళకి ఏ ఎమిరేట్ అయినా దుబాయే. నేను అప్పటికే ముసఫ్ఫాలో ఈ తోలు వర్క్‌షాపులో ఉన్నాను. గుర్రాల జీనులు, డేగల్ని పట్టుకునే చేతి తొడుగులు, కారు సీట్లు, సోఫాలు, ఏది వస్తే అది చేస్తాం. మా ముదీర్‌తో అంటే మేనేజరుతో మాట్లాడి మామని పిలిపించింది నేనే. బల్ల ఇచ్చినా మామ కింద కూర్చునే కుట్టేవాడు. మైనం రాసిన దారాన్ని తొడ మీద పేనుకునేవాడు. అన్నానికి లేచే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవాడు. వాసన పోయిందో లేదో నన్ను చూడమని చెయ్యి చాపేవాడు. పోయిందని చెప్పినా ఇంకోసారి కడుక్కునేవాడు.

కరోనా రోజులు గడిచి షాపులు మళ్ళీ తెరుచుకున్నాక మా దగ్గరికి పిస్తోలు ఒరలు రావడం మొదలైంది. వచ్చేవాళ్ళెవరూ సైనికులు కాదు. కాంట్రాక్టర్లు, ఖర్జూరం వ్యాపారులు, బ్యాంకులో చేసి మానేసినవాళ్ళు. లైసెన్సు ఉన్నవాళ్ళు. వాళ్ళ ఇనప్పెట్టెల్లో ఏదో ఒక దేశపు సైన్యం వాడి పక్కన పెట్టేసిన పాత పిస్తోలు ఉండేది. తుపాకీ షాపుకి తేకూడదు, తెచ్చేవాళ్ళూ కాదు. ఫోనులో చూపించేవాళ్ళు, పిల్లల ఫోటోలు చూపించినట్టు. ఇదిగో ఇక్కడ ఒర రాసుకుని నలుపు పోయి ఇనుము తెల్లబడింది చూడు. ఇదిగో పిడి మీద గళ్ళు బొటనవేలికి అరిగిపోయాయి చూడు. అడుగున ఈ రింగుకి తాడు కట్టి భుజానికి వేసుకునేవాళ్ళు. వాళ్ళ ముచ్చటంతా ఆ అరుగుదల మీదే. ఒకాయన్ని నేనే అడిగాను, కొత్తవి ఇంతకంటే బాగా పేలతాయి కదా అని. ఆయన నన్ను జాలిగా చూసి, “కొత్తది దుకాణంలో నుంచి వస్తుంది. ఇది డ్యూటీ చేసి వచ్చింది” అన్నాడు.

ఆయన పోయాక మామ ఆరె పక్కన పెట్టి పకపకా నవ్వాడు. “చూసినావా అల్లుడూ. రిటైరైన తుపాకీకి మఖ్మల్ గుడ్డ. రిటైరైన సిపాయికి ఏటీఎం ముందర ప్లాస్టిక్ కుర్చీ.”

“ఎందుకు మామా వీళ్ళకి అంత పిచ్చి?”

“కొత్తది కొంటే అది ఆయనదే. పాతదైతే ముందు ఎవడో సిపాయిది గదా. నడుముకి పెట్టుకుని అద్దం ముందర నిలబడితే ఆ సిపాయి ఈయనే అనిపిస్తాడు. అంతేరా.” తర్వాత గొంతు తగ్గించి, “నాకూ అట్నే అనిపిస్తది. సిగ్గులేకుండా” అన్నాడు.

అది నేను చూశాను. కొలతకి నిజం పిస్తోలు దొరకదు గనక, కస్టమరు ఇంటికి పోయి కొలుచుకొచ్చి, టేకు చెక్కతో అచ్చు అట్లాంటిదే చెక్కేవాడు. తడి తోలుని దాని మీద నొక్కి ఆరబెడితే ఒరకి ఆకారం వచ్చేది. ఆరాక ఆ చెక్క పిస్తోలుని ఒరలోంచి లాగడం, మళ్ళీ పెట్టడం, లాగడం. ఒర పట్టు చూడ్డానికి రెండు మూడు సార్లు చాలు. మామ అక్కడితో ఆపేవాడు కాదు.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. పాత పిస్తోలుకి కొత్త ఒర వాళ్ళకి నచ్చేది కాదు. ఒర కూడా పాతబడి ఉండాలి. మా ముదీర్ టీ డికాక్షన్ పూసి, గరుకు కాగితంతో రుద్ది పాతది చేయించాడు. ఆ రంగు ఒకాయన తెల్ల కందూరా అంగీకి అంటుకుంది. ఆయన షాపులో నిలబడి తిట్టిన తిట్లలో నాకు తెలిసిన అరబ్బీ మాటలన్నీ వచ్చాయి, తెలియనివి కూడా. అప్పుడు మామ చెప్పాడు, తోలు పాతబడేది మనిషి చెమటకేగానీ టీకి కాదని. చొక్కా లోపల కొన్ని వారాలు నడుముకి కట్టుకు తిరిగితే దానంతటదే రంగు తిరుగుతుందని. ముదీర్ సరే నువ్వే కట్టుకో అన్నాడు. అట్లా మామ షాపులో ఉన్నంతసేపూ ఎవరిదో ఒక ఒర, అందులో చెక్క పిస్తోలు నడుముకి కట్టుకుని పనిచేసేవాడు. వంగి కుట్టేటప్పుడు పిడి పక్కటెముకకి గుచ్చుకుంటుందని గుడ్డ మడిచి పెట్టుకునేవాడు. ఒకసారి మరిచిపోయి అట్లాగే పక్కనున్న కెఫ్టీరియాకి పోయాడు. టీ పోసే మనిషి రెండు చేతులూ పైకెత్తి, “సాబ్, చాయ్ ముఫ్త్ హై, గోలీ మత్ మారో” అన్నాడు, టీ ఊరికే తాగు గానీ కాల్చకు అని. మామ ఆ వేళంతా బయటికి రాలేదు.

ఆ ఒరలు నిజంగానే బాగా వచ్చేవి. అంచులు నల్లబడి, మధ్యలో తేనెరంగు తేలి, వంపుల దగ్గర మెత్తబడి. ముదీర్ వాటిని చూపిస్తూ, “ఇది సిపాయి నడుం మీద పండింది” అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆర్డర్లు పెరిగాయి. పోగాపోగా సిపాయి కాస్తా యుద్ధం చేసిన సిపాయి అయ్యాడు. ఇంకొన్నాళ్ళకి ఇట్లాంటి పిస్తోలే పట్టుకుని యుద్ధం చేసిన సిపాయి అయ్యాడు. మామ ఒకరోజు ముదీర్‌ని అడిగాడు, హిందీలో, మెల్లగా.

“అట్లా ఎందుకు చెప్తున్నావు సాబ్?”

“నువ్వు ఆర్మీ కాదా?”

“ఆర్మీనే.”

“యుద్ధం జరిగినప్పుడు ఆర్మీలో లేవా?”

“ఉన్నాను.”

“మరి నేనేం అబద్ధం చెప్పాను? ఖలాస్. పని చూసుకో.”

మామ పని చూసుకున్నాడు. ఎవరో కస్టమరు ఫోటో తీస్తానంటే ముదీర్ ఒక ఖాకీ చొక్కా తొడిగించి సెల్యూట్ కొట్టమన్నాడు. మామ కొట్టాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు, చెప్పగానే చెయ్యి లేచింది. ముదీర్ దాన్ని గోడకి తగిలించి, షాపు పేజీలో కూడా పెట్టాడు. ఆ ఫోటోనే ఇప్పుడు మా ఊరి సెంటర్లో ఉన్నది.

షహామా నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. రాళ్ళ వ్యాపారం. అందరం అర్బాబ్ అనేవాళ్ళం, అయ్యగారూ అన్నట్టు. ఆయనకి ఒక కన్ను సరిగా కనపడదు. కుర్రతనంలో సైన్యంలో చేరాలని ఉండేదట, ఆ కన్ను చూసి వెనక్కి పంపించారట. ముసలితనంలో పాత సర్వీసు పిస్తోలు ఒకటి సంపాదించుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఖర్జూరం పెట్టె తెచ్చేవాడు. మామ లేచి నిలబడితే తనూ లేచి నిలబడేవాడు. ‘యా అస్కరీ’ అని పిలిచేవాడు, సిపాయీ అని. మిగతావాళ్ళు మామని చూసిపోతే ఈయన నిజంగా అడిగేవాడు. పాతకాలం మనిషి, హిందీ బాగా వచ్చు.

“నిజంగా మనిషి మీద కాల్చాక, మర్నాడు పొద్దున ఆ చేత్తో రొట్టె తింటుంటే ఎట్లా ఉంటుంది?”

మామ నేలచూపులు చూస్తూ, “మీ ఒర అయ్యాక చెప్తాను అర్బాబ్” అన్నాడు.

ఆ ఒరని మామ అన్నిటికంటే ఎక్కువ రోజులు కట్టుకున్నాడు. అయిపోయిందని నాకు తెలుసు. అయినా ఇవ్వలేదు. చివరికి అర్బాబే కబురు పెట్టాడు, శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి తెచ్చివ్వమని, కొడుకుల్నీ స్నేహితుల్నీ పిలిచానని, వాళ్ళు కూడా సిపాయి మాటలు వింటారని. షాపు పికప్‌లో నేనూ మామా బయల్దేరాం. ముదీర్ బండి దగ్గరికి వచ్చి, అక్కడున్న ప్రతి మనిషీ మనకి ఒక ఆర్డరు, గుర్తుపెట్టుకో అని మామకి చెప్పాడు.

దారిలో మామ అడిగాడు. “ఏం చెప్పమంటావల్లుడూ?”

“ఏదో ఒకటి చెప్పు మామా. టీవీలో చూస్తాం గదా. ఆయనకి కావలసిందీ అదే.”

“అదే గదరా సిగ్గు” అన్నాడు. ఒళ్ళో ఉన్న ఒరని గుడ్డతో తుడవసాగాడు.

మజ్లిస్‌లో అంటే అతిథుల గదిలో, గోడల వెంబడి పరుపులు, మధ్యలో తివాచీ. చిన్న గిన్నెల్లో గహ్వా, వాళ్ళ కాఫీ, ఇచ్చారు. అర్బాబ్ తానే లోపలికి పోయి పిస్తోలుని గుడ్డలో పెట్టుకుని తెచ్చాడు. ఖాళీ చేసి, ఖాళీ అని అందరికీ చూపించాడు. ఒరలో పెట్టాడు. అది ఎంత చక్కగా దిగిందంటే, చివర్లో గాలి తప్పుకున్న చిన్న చప్పుడు వినిపించింది. అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు, ముక్కుకి ఆనించి వాసన చూశారు. ఒకాయన తన నడుముకి పెట్టుకుని కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ఆ క్షణంలో ఆయన భుజాలు నిజంగానే వెనక్కి పోయాయి. నాకు నవ్వు రాలేదు. నాక్కూడా ఒకసారి పెట్టుకోవాలనిపించింది.

“ఇప్పుడు చెప్పు అస్కరీ” అన్నాడు అర్బాబ్.

మామ లేచి నిలబడ్డాడు. “అర్బాబ్, మై మోచీ థా. ఫౌజ్ కా మోచీ” అన్నాడు. తర్వాత ఒక్కో మాటా ఏరుకున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. నేను సైన్యంలో చెప్పులు కుట్టేవాణ్ణి. బూట్లు, బెల్టులు కుట్టాను. అక్కడ ఇట్లాంటి పిస్తోలు నేను ఎప్పుడూ పట్టుకోలేదు, ఒర మాత్రం కుట్టాను. మనిషి మీద కాల్చలేదు. ఆ చెయ్యి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ మీరు సిపాయీ అంటుంటే ఊరుకున్నాను. ఆ పిలుపు బాగుండి ఊరుకున్నాను.

ఎవరో ముక్కుతో నవ్వారు. ఒరని నడుముకి పెట్టుకున్నాయన దాన్ని తీసి, నెమ్మదిగా తివాచీ మీద పెట్టాడు. నేను తల ఎత్తలేదు. మోచీ అన్న మాట మా మామ నోటి నుంచి అంత పెద్దగా, అంతమంది ముందు వినడం అదే మొదటిసారి. గహ్వా పోస్తున్న మలయాళీ కుర్రాడు నా వైపు చూశాడు. నేను ఈయన మేనల్లుణ్ణి అని వాడికి తెలుసో లేదో అని ఆలోచించాను. మామ అంత పని చేస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇది.

అర్బాబ్ తివాచీ మీది ఒరని తన దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత అడిగాడు. “కాల్చినవాళ్ళ బూట్లు నీ దగ్గరికి వచ్చేవా?”

“వచ్చేవి.”

“ఎట్లా ఉండేవి?”

మామ కొంచెం తడబడ్డాడు. ఈ ప్రశ్న ఆయన ఊహించలేదు. “కొన్నిటికి లేసులు విప్పి ఉండేవి. అవి మామూలు రిపేరు. కొన్నిటికి లేసులు ముడి ఉండగానే కోసి ఉండేవి. కాలికి దెబ్బ తగిలితే ముడి విప్పరు, కత్తితో కోసేస్తారు. అట్లాంటివి వస్తే మా షెడ్డులో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. కడిగి, అతుకులు వేసి, కొత్త లేసులు ఎక్కించేవాళ్ళం. వేరేవాళ్ళకి ఇచ్చేవాళ్ళు.”

ముక్కుతో నవ్వినాయన ఇప్పుడు నవ్వలేదు. ఎవరూ మళ్ళీ పిస్తోలుని అడగలేదు. అర్బాబ్ దాన్ని గుడ్డలో చుట్టి లోపలికి పంపించాడు.

ఆ రోజు అక్కడ ఒక్క ఆర్డరూ రాలేదు. మర్నాడు విషయం తెలిసి ముదీర్ మామని ఒరల పని నుంచి తీసేసి కారు సీట్ల మీద వేశాడు. ఫోటో మాత్రం గోడ మీదే ఉంచాడు, పేజీలోనూ ఉంచాడు. అది తియ్యమని మామ ఒకసారి అడిగి, మళ్ళీ అడగలేదు. వీసా అయిపోయేదాకా సీట్లు కుట్టి, పోయినేడు ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాతో, “మనోళ్ళతో నేను ఏం పని చేసినానో నువ్వే చెప్పాల. నేను చెప్తే మీ అత్తకి నామోషీ” అన్నాడు. చెప్తాలే మామా అన్నాను.

ఆ శుక్రవారం మేము మజ్లిస్ నుంచి బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు కుప్పగా ఉన్నాయి. అర్బాబ్ మా వెంట వచ్చాడు. గుంపులో వెతికి, కనపడని కన్నుని పక్కకి తిప్పుకుని వంగి, మామ చెప్పుల జత తీశాడు. వాటిని ముందుకి తిప్పి, పక్కపక్కన సర్ది, మామ కాళ్ళ ముందు పెట్టాడు. పెద్ద అతిథికి చేసినట్టు.

మామ వాటి వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆయన చేత్తో సర్దిన వాటిలో కాలు పెట్టలేదు. వంగి రెండు చెప్పులూ చేత్తో తీసుకున్నాడు. పికప్ వాకిలికి అవతల ఎండలో ఉంది. మధ్యలో పరిచిన రాళ్ళు కాలిపోతున్నాయి. మా తాతలు ఊళ్ళో పెద్దవీధి దాటేటప్పుడు ఎట్లా నడిచేవారో అట్లా, చెప్పులు చేతపట్టుకుని, ఒట్టికాళ్ళతో, తొందరపడకుండా ఆ రాళ్ళ మీద నడిచాడు. అర్బాబ్ గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. నేను నా చెప్పులు వేసుకుని వెనకాల నడిచాను.